వృద్ధాశ్రమంలో నీళ్ల లెక్క: ఒక స్టూడెంట్ యాక్షన్ రీసెర్చ్ ప్రాజెక్ట్‌ని ఎలా ప్లాన్ చేశాం

నేను హైదరాబాద్‌లో ఒక నర్సింగ్ కాలేజీలో కమ్యూనిటీ హెల్త్ నర్సింగ్ చెప్తాను, ఫైనల్ ఇయర్ పిల్లల గ్రూప్ ప్రాజెక్టులకి గైడ్‌గా ఉంటాను. ఈ ఫీల్డ్‌లో ఉన్నవాళ్లకి తెలిసిందే, పిల్లలు తెచ్చే టాపిక్స్ దాదాపు అన్నీ ఒకే అచ్చులో ఉంటాయి: ఫలానా జబ్బు మీద ఫలానా వాళ్ల నాలెడ్జ్‌పై స్ట్రక్చర్డ్ టీచింగ్ ప్రోగ్రామ్ ఎఫెక్టివ్‌నెస్. ప్రీ టెస్ట్ పెడతారు, చార్టులు పట్టుకుని అరగంట క్లాస్ చెప్తారు, వారం తర్వాత అదే పేపర్ మళ్లీ ఇస్తారు, స్కోర్ పెరుగుతుంది, పెరగక ఏం చేస్తుంది, అవే ప్రశ్నలు కదా. టీ టెస్ట్ అనే స్టాటిస్టిక్స్ లెక్క వేస్తారు, తేడా సిగ్నిఫికెంట్ అని రాస్తారు, బైండింగ్‌కి ఇస్తారు. క్లాస్ విన్న మనిషి మర్నాడు ఏం మార్చుకున్నాడో ఎవరూ అడగరు.

ఈ గ్రూప్ కూడా అలాగే వచ్చింది. ఐదుగురు అమ్మాయిలు, టాపిక్ 'వృద్ధాశ్రమంలో ఉండేవాళ్లకి డీహైడ్రేషన్ మీద అవగాహన'. ఎందుకమ్మా ఇదే అంటే, కీసర వైపు ఒక ఆశ్రమానికి పోస్టింగ్‌కి వెళ్లినప్పుడు అక్కడి పెద్దవాళ్లు అసలు నీళ్లు తాగట్లేదని, ఎండాకాలం వస్తే ఒకరిద్దరు కళ్లు తిరిగి పడిపోవడం, మూత్రంలో మంట, మలబద్ధకం మామూలేనని మేనేజర్ గారు చెప్పారట. మే నెలలో ఇక్కడ 40 డిగ్రీలు దాటుతుంది, సమస్య నిజమైనదే. నేను ఒక్కటే అడిగాను, వాళ్లకి నీళ్లు తాగాలని తెలీక తాగట్లేదా? పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అక్కడున్నవాళ్లలో రిటైర్డ్ టీచర్ ఉన్నారు, ఆర్టీసీలో కండక్టర్‌గా చేసి రిటైరైన తాతయ్య ఉన్నారు, వాళ్లకి వెళ్లి నీళ్లు తాగితే మంచిదండీ అని క్లాస్ చెప్పడానికి మనం ఎవరం.

అక్కడే దీన్ని యాక్షన్ రీసెర్చ్‌గా చేద్దాం అన్నాను. 1946లో కర్ట్ లెవిన్ రాసిన పేపర్‌తో ఈ పద్ధతికి పేరొచ్చింది, తర్వాత కెమిస్, మెక్‌టాగర్ట్ దాన్ని ప్లాన్ చెయ్, అమలు చెయ్, గమనించు, ఆలోచించు, మళ్లీ ప్లాన్ చెయ్ అనే చుట్టుగా క్లాసుల్లో అందరూ చెప్పుకునేలా చేశారు. పుస్తకంలో ఈ నాలుగు బాణాల బొమ్మ అందరికీ వచ్చు. పిల్లలకి పట్టుబడనిది వేరే ఉంది, ఇందులో మార్పు చేసేవాళ్లు రోజూ ఆ పని చేసే మనుషులే అయ్యుండాలి. కాబట్టి ప్రశ్న రాసేముందు అడగాల్సింది, ఈ విషయంలో ఏదైనా మార్చే వీలు అక్కడ ఎవరి చేతిలో ఉంది, వాళ్లు మనతో కూర్చుంటారా అని. ఆశ్రమంలో నీళ్లు ఎవరి చేతిలో ఉన్నాయి? పెద్దవాళ్ల చేతిలో సగం, ఆయమ్మల చేతిలో సగం. మా పిల్లల మొదటి ప్రపోజల్‌లో ఆయమ్మ అనే మాటే లేదు.

అందుకని మొదట ఫారాలు, ప్రశ్నపత్రాలు ఏమీ లేకుండా ఊరికే వెళ్లి చూసి రమ్మన్నాను, పొద్దున ఒక బ్యాచ్, సాయంత్రం ఒక బ్యాచ్, మేనేజర్ గారి పర్మిషన్‌తో ఒకసారి రాత్రి భోజనాల దాకా. చూడ్డం అంటే ఏం చూడాలో కూడా చెప్పాలి, లేకపోతే వెళ్లి బీపీలు చూసి వచ్చేస్తారు. నీళ్లు ఎక్కడ పెడుతున్నారు, దేంట్లో పెడుతున్నారు, ఎవరు అందిస్తున్నారు, మనిషి చెయ్యి అక్కడిదాకా వెళ్తుందా, బాత్రూమ్ ఎంత దూరం, దారిలో లైటు ఉందా.

వాళ్లు తెచ్చిన నోట్స్ చదువుతుంటే ప్రాజెక్ట్ సగం అక్కడే తయారైపోయింది. ప్రతి మంచం పక్కనా లీటర్ బాటిల్ ఉంది, పొద్దున నింపుతారు, సాయంత్రానికి చాలా బాటిళ్లు దాదాపు అలాగే ఉంటున్నాయి. కీళ్లనొప్పుల అమ్మమ్మ ఒకావిడ మూత తిప్పలేక చీరకొంగు పట్టి తిప్పుతోంది, అదీ రాకపోతే పక్కన పెట్టేస్తోంది. నిండు లీటర్ బాటిల్ ఒంటిచేత్తో ఎత్తడం పక్షవాతం వచ్చినాయనకి అయ్యే పని కాదు. మాత్రలు అందరూ ఒక్క గుక్కతో మింగేస్తున్నారు. సాయంత్రం టీ తర్వాత మాత్రం హాల్ మొత్తంలో నీళ్లు ముట్టేవాళ్లే దాదాపు లేరు. ఒకమ్మాయి ఊరుకోకుండా ఒక అమ్మమ్మని అడిగింది, ఎందుకు తాగట్లేదు అని. ఆమె చెప్పింది అలాగే రాసుకొచ్చింది: "తాగితే రాత్రి లేవాలె బిడ్డా. నేను లేస్తే ఆయమ్మను లేపాలె. ఆమె పొద్దంత చేసి చేసి ఒరిగి ఉంటది, మళ్ల నా కోసం లేపుడెందుకు."

ఇది చదివాక టాపిక్ పేరులో నాలెడ్జ్ అనే మాట ఎవరు ఉంచుతారు చెప్పండి. పిల్లలే కొట్టేశారు.

తర్వాత ప్రశ్నని చిన్నది చేయడం, ఇది చాలా టైమ్ తినే పని, ఇక్కడ తొందరపడకూడదు. పిల్లలకి ముందు వచ్చిన ఆలోచన సాయంత్రం కూడా నీళ్లు తాగించాలి అని. నేను వద్దన్నాను. ఆమె భయం ఊరికే వచ్చింది కాదు, ఆ వయసులో రాత్రిపూట చీకట్లో బాత్రూమ్‌కి వెళ్తూ పడితే తుంటి ఎముక విరగొచ్చు, ఆ తర్వాత చాలామంది మునుపటిలా నడవలేరు. సాయంత్రం తాగకపోవడం ఆమెవరకు తెలివైన నిర్ణయమే, మరి పగలు ఎందుకు తాగట్లేదు అన్నది మన ప్రశ్న. చివరికి ఇలా రాసుకున్నాం: పొద్దున లేచినప్పటినుంచి సాయంత్రం టీ దాకా ఈ ఆశ్రమంలో పెద్దవాళ్లు తాగే నీళ్లు, మజ్జిగ పెరగాలంటే ఆయమ్మలూ పెద్దవాళ్లూ స్టూడెంట్స్ కలిసి రోజువారీ పనిలో ఏం మార్చొచ్చు, దానితోపాటు రాత్రి బాత్రూమ్ భయం ఎలా తగ్గించొచ్చు. పొడుగ్గా ఉంది, అందంగా లేదు, కానీ ఇందులో ఉన్న ప్రతిదీ స్టూడెంట్ పోస్టింగ్ అయ్యేలోపు ముట్టుకోగలిగిందే.

క్లినికల్ సైడ్ ముందే కట్టుదిట్టం చేసుకోవాలి, ఇది నర్సింగ్ ప్రాజెక్ట్, నీళ్లే కదా అని అందరికీ ఒకేలా పోస్తే ప్రమాదం. హార్ట్ ఫెయిల్యూర్, కిడ్నీ సమస్యతో డాక్టర్ నీళ్లు తగ్గించమన్నవాళ్ల లిస్ట్ వేరే తీశాం, ఆశ్రమానికి వచ్చే డాక్టర్ గారితో పేరు పేరునా చూపించి సంతకం తీసుకున్నాం. పక్షవాతం తర్వాత మింగడం ఇబ్బందైనవాళ్లు ఇంకో లిస్ట్, వాళ్లకి నిటారుగా కూర్చోబెట్టి మెల్లగా, పక్కన మనిషి ఉండగానే. పడుకున్నప్పుడు, లేచి నిలబడ్డాక మూడు నిమిషాల్లోపు బీపీ చూస్తే పైది 20 గానీ కిందది 10 గానీ పడిపోయినవాళ్లని గుర్తుపెట్టుకున్నాం, రాత్రి లేచేటప్పుడు తూలేది ముఖ్యంగా వాళ్లే. ఆ చూడ్డంలోనే ఇంకోటి బయటపడింది, ఒకామెకి మూత్రం ఎక్కువొచ్చే మాత్ర, లాసిక్స్, రోజుకి రెండుసార్లు అని రాసుంటే ఆశ్రమంలో టిఫిన్‌కి ఒకటి, రాత్రి భోజనానికి ఒకటి ఇస్తున్నారు. రాత్రంతా లేవకేం చేస్తుంది. మేం దాన్ని మార్చలేదు, మార్చే హక్కు మాకు లేదు, డాక్టర్ గారికి చూపించాం, ఆయన రెండోది మధ్యాహ్నానికి జరిపారు. ప్లాన్‌లో ఈ లైన్ ముందే ఉండాలి: మందుల విషయం ఏది కనపడినా స్టూడెంట్ ముట్టుకోదు, ఆ రోజే ఎవరికి చెప్పాలో వాళ్లకి చెప్తుంది.

ఇక ఆయమ్మలు. మొదటి మీటింగ్ పెట్టిన రోజు వాళ్లు చేతులు కట్టుకుని గోడకి ఆనుకుని నిలబడ్డారు, కూర్చోమంటే కూర్చోలేదు. వాళ్లకి అర్థమైంది ఏంటంటే కాలేజీ నుంచి ఎవరో వచ్చి మా తప్పులు రాసి ఆశ్రమం నడిపే ట్రస్ట్ వాళ్లకి ఇస్తారు అని. అది తప్పుగా అర్థం చేసుకోవడం కూడా కాదు, రిపోర్ట్ అన్నాక అందులో ఏముంటుందో ఎవరికి తెలుసు. అందుకని ప్లానింగ్‌లోనే ఒక పేజీ కాగితం తయారుచేశాం, తెలుగులో, పెద్ద అక్షరాల్లో: ఏ ఆయమ్మ పేరూ ఎక్కడా రాయం, ఎవరు ఏ డ్యూటీలో ఉన్నారో రాయం, రిపోర్ట్ ట్రస్ట్‌కి వెళ్లేముందు ఆయమ్మలకి చదివి వినిపిస్తాం, చదివాక మేనేజ్‌మెంట్ వాళ్లకైనా ఆయమ్మలకైనా నచ్చని విషయం ఉంటే వాళ్ల అభిప్రాయం పక్కనే రాస్తాం తప్ప విషయం తీసేయం. మేనేజర్ గారూ నేనూ సంతకాలు పెట్టి గోడకి అంటించాం. ఒక మినహాయింపు కూడా స్పష్టంగా రాశాం, ఎవరైనా పెద్దవాళ్లని కొట్టడం, తిట్టడం లాంటిది కళ్లపడితే అది దాచం, స్టూడెంట్స్ అదే రోజు నాకు చెప్తారు, అవసరమైతే వృద్ధుల హెల్ప్‌లైన్ 14567 దాకా వెళ్తుంది. ఇది రాస్తే వాళ్లు భయపడతారేమో అని పిల్లలు అన్నారు. ఒక ఆయమ్మ మాత్రం, "గంతే గదా, అది రాయాల్సిందే" అంది.

మీటింగ్ టైమ్ కూడా చిన్న విషయం కాదండి. మధ్యాహ్నం భోజనాలయ్యి గిన్నెలు కడిగాక, సాయంత్రం టీ పెట్టేలోపు వాళ్లకి కాస్త ఖాళీ దొరుకుతుంది. కాలేజీ బస్సు టైమ్‌ని బట్టి మీటింగ్ పెడితే వాళ్లు రారు, వచ్చినా వినరు. బస్సునే ఆలస్యం చేయించుకున్నాం, దానికి ప్రిన్సిపల్ మేడం దగ్గర నేను లెటర్ పెట్టాల్సొచ్చింది.

ఎథిక్స్ కమిటీ, అంటే రీసెర్చ్‌లో మనుషులకి హాని జరగకుండా చూసి అనుమతి ఇచ్చే కమిటీ, ఆ భాగం కాస్త వివరంగా చెప్తాను, ఎక్కువమంది ఇక్కడే ఇరుక్కుంటారు. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 గైడ్‌లైన్స్ ప్రకారం వృద్ధులు, సంస్థల్లో ఉండేవాళ్లు ప్రత్యేక జాగ్రత్త తీసుకోవాల్సినవాళ్ల కిందకి వస్తారు, కాబట్టి స్టూడెంట్ ప్రాజెక్టే కదా అని తేలిగ్గా పోదు. ఇంకో చిక్కు, కమిటీ ఫారంలో మీరు ఏం చేస్తారో ముందే పూర్తిగా రాయమంటుంది, యాక్షన్ రీసెర్చ్‌లోనేమో రెండో విడతలో ఏం చేస్తామో మొదటి విడత అయ్యాకే తెలుస్తుంది. మేం ఇలా రాశాం: మొదటి విడత వివరంగా, గ్లాసు సైజుతో సహా. రెండో విడతకి హద్దులు మాత్రమే, అంటే టైమింగ్స్, నీళ్లిచ్చే గిన్నెలు గ్లాసులు, నీళ్లు అందించే రౌండ్లు, లైట్లు, సామాను పెట్టే చోటు ఇవి మారొచ్చు. మందులు, డాక్టర్ చెప్పిన డైట్, మూత్రం ట్యూబ్, డయాపర్ నిర్ణయాలు ఇవి మారవు. హద్దు దాటాల్సొస్తే మళ్లీ కమిటీకి వస్తాం. కమిటీలో ఒకరు కంట్రోల్ గ్రూప్ (పోల్చడానికి ఏ మార్పూ చేయని గ్రూప్) ఏది, సాంపిల్ సైజ్ (ఎంతమందిని తీసుకోవాలి) కాలిక్యులేషన్ ఏది అని అడిగారు. ఇది ఈ ఒక్క ఆశ్రమంలో పని ఎలా మారుతుందో చూడ్డానికే, ఇక్కడి ఫలితాన్ని వేరే ఆశ్రమాలకి లెక్కగా చెప్పబోం, ముందూ తర్వాతా వారాలవారీ గ్రాఫ్ చూపిస్తాం అని పిల్లలే జవాబు చెప్పారు. బాగానే చెప్పారు.

కన్సెంట్, అంటే పెద్దవాళ్ల ఒప్పుకోలు, ఆ విషయంలో సంతకం తీసుకోవడంతో ఆగలేదు. చెప్పింది మళ్లీ వాళ్ల మాటల్లో చెప్పమన్నాం, మేం ఏం చేయబోతున్నాం అమ్మమ్మా, మీకిష్టం లేకపోతే ఏం చేయొచ్చు అని. చెప్పగలిగినవాళ్లు సంతకం పెట్టారు, చదువు రానివాళ్లు సంబంధం లేని సాక్షి ముందు వేలిముద్ర. మతిమరుపు ఎక్కువున్నవాళ్లకి ఇంట్లోవాళ్లని అడిగాం, ఇంట్లోవాళ్లు ఒప్పుకున్నా ఆ రోజు గ్లాసు అందిస్తే మొహం తిప్పుకుంటే వదిలేయాలి, రెండోసారి బతిమాలొద్దు అని రూల్. ఉర్దూ మాట్లాడేవాళ్లకి గ్రూప్‌లో ఉర్దూ వచ్చిన అమ్మాయి. ఫోటోలు లేవు. ఈ ఫోటోల దగ్గర పిల్లలు నాతో బాగా వాదించారు, పీపీటీలో ఏం పెట్టాలి మేడం అని. గ్లాసు ఫోటో పెట్టుకోండి అన్నాను.

కొలత దగ్గర తమాషా జరిగింది. ఎంత తాగుతున్నారో లెక్కపెట్టాలంటే గ్లాసు ఎంత పడుతుందో తెలియాలి కదా, కొలజాడీతో ఒక్కో స్టీల్ గ్లాసూ కొలిస్తే ఒక్కోటి ఒక్కో సైజు, కొన్ని 120 మి.లీ., కొన్ని 250 దాకా. ఎవరో పెళ్లిళ్లకి, దినాలకి దానం ఇచ్చినవి, పేర్లు కూడా చెక్కి ఉన్నాయి. రెండు గ్లాసులు తాగాడు అని రాస్తే దానికేం అర్థం? అందుకని 150 మి.లీ. పట్టే తేలికైన గ్లాసులు ఒకే రకంవి కొని, రౌండ్లకి అవే వాడాం, ఖర్చు పిల్లలు తలా కొంచెం వేసుకున్నారు. టార్గెట్ ఎంత అనేదానికి యూరప్ న్యూట్రిషన్ సొసైటీ ఎస్పెన్ గైడ్‌లైన్ చూశాం, పెద్దవయసు ఆడవాళ్లకి రోజుకి కనీసం 1.6 లీటర్లు, మగవాళ్లకి 2 లీటర్లు తాగేవి ఉండాలని అందులో ఉంది. అక్కడి లెక్క ఇక్కడి మే నెల ఎండకి అలాగే అతకదు, మన తిండిలో చారు, మజ్జిగ కూడా ఉంటాయి, కాబట్టి దాన్ని గోడమీద టార్గెట్‌గా రాయలేదు, ఎవరికి వాళ్లకి మొదటి వారం ఎంత తాగారో దానిమీద ఎంత పెరిగింది అనేదే చూశాం. మూత్రం రంగు చూద్దాం అని ఒకమ్మాయి అంది, చార్ట్ కూడా ప్రింట్ తీసుకొచ్చింది. పెద్దవయసులో రంగుని బట్టి డీహైడ్రేషన్ చెప్పడం నమ్మదగింది కాదని అదే గైడ్‌లైన్ చెప్తుంది, ఆ చార్ట్ పక్కనపెట్టాం.

ఇవి కాక ఇంకో రెండు లెక్కలు తప్పకుండా పెట్టమన్నాను, రాత్రి ఎన్నిసార్లు ఆయమ్మని లేపారు, పక్క తడిసింది ఎన్నిసార్లు. నీళ్లు పెంచి ఆయమ్మ నడుం విరగ్గొడితే అది సక్సెస్ అనుకోకూడదు కదా. ఎవరైనా చూస్తుంటే మనుషులు ఎక్కువ తాగుతారు, అది కూడా ఉంటుంది, అందుకని స్టూడెంట్స్ లేని రోజుల్లో ఆయమ్మలు వేసిన టిక్కులు వేరే రంగులో. కండక్టర్ తాతయ్య అయితే నా లెక్క నేనే రాసుకుంటా అని ప్యాడ్, పెన్ను అడిగి తీసుకున్నారు, తన వరుసలో ఉన్నవాళ్లందరివీ ఆయనే రాసేవారు, పిల్లల షీట్‌కి ఆయన షీట్‌కి తేడా వస్తే పిల్లలదే తప్పు అయ్యేది.

క్యాలెండర్ గురించి క్లుప్తంగా. మూడేసి వారాల విడతలు రెండు, మధ్యలో ఒక వారం పూర్తిగా ఖాళీ. ఆ ఖాళీ వారం ఇంటర్నల్ ఎగ్జామ్స్ మీద పడేలా చూసుకోండి, ఆలోచించాల్సిన వారాన్ని ఎగ్జామ్ మింగేస్తుంది అనిపిస్తుంది, కానీ నిజానికి పిల్లలు అప్పుడే తమ ప్రాజెక్ట్ డైరీలు తెరిచి చదువుతారు, చదవాల్సిన సిలబస్ తప్ప అన్నీ ఆసక్తిగా అనిపించే టైమ్ అది.

మొదటి విడతలో చేసినవి: మాత్రలతో గుక్క బదులు నిండు గ్లాసు, పదకొండుకి మజ్జిగ, మూడింటికి నీళ్లు. మజ్జిగ బాగా పట్టింది, బీపీ ఉన్నవాళ్ల కోసం ఉప్పు లేకుండా అల్లం, కరివేపాకు, జీలకర్ర వేసి పల్చగా. మూడింటి నీళ్లు పూర్తిగా ఫెయిల్, అప్పుడు పెద్దవాళ్లు నిద్రలో ఉంటారు, ఆయమ్మలు బట్టల దగ్గర ఉంటారు. రెండో విడతలో దాన్ని టీకి ముందుకి జరిపాం, నీళ్లు తాగాకే టీ కప్పు అనే రూల్ మేం పెట్టలేదు గానీ కండక్టర్ తాతయ్య తన వరుసలో పెట్టేశారు, అది బలవంతం అవుతుంది తాతయ్యా అని ఆపించడానికి కొంచెం కష్టపడ్డాం.

అసలు మార్పుకి ఆలోచన రాత్రి డ్యూటీ ఆయమ్మ ఇచ్చింది. మధ్యలో పెట్టిన మీటింగ్‌లో ఆమె, "తొమ్మిదిన్నరకు పండుకునే ముందు అందర్నీ ఒక్కపాలి బాత్రూంకు తీస్కపోతే నడిరాత్రి పిలుసుడు తగ్గుతది గదా, ఇద్దరముంటే చెయ్యొచ్చు, ఒక్కదాన్నైతే ఎట్ల" అంది. సాయంత్రం డ్యూటీ ఆయమ్మ దిగేది తొమ్మిదికి. మేనేజర్ గారితో మాట్లాడి ఆమె దిగే టైమ్‌ని ముప్పావుగంట జరిపి, పొద్దున వచ్చే టైమ్‌ని అంతే జరిపారు. వరండాలో జీరో బల్బులు పెట్టారు, నిలబడితే బీపీ పడిపోయే ఇద్దరి మంచాల పక్కన కమోడ్ కుర్చీలు వచ్చాయి. ఆ తర్వాతి వారాల్లో రాత్రి పిలుపులు తగ్గాయని రిజిస్టర్‌లోనూ కనపడింది, పగటి గ్లాసులు పెరిగాయి. సాయంత్రం టీ తర్వాత నీళ్లు మాత్రం చివరిదాకా ఎవరూ పెద్దగా తాగలేదు, మేమూ అడగలేదు.

రిపోర్ట్ రాసేటప్పుడు కాలేజీ ఫార్మాట్ ఐదు చాప్టర్లది, దాంట్లో ఈ చుట్లు పట్టవు. నాలుగో చాప్టర్‌ని మొదటి విడత, మధ్య వారం, రెండో విడత అని మూడుగా చీల్చాం, డైరీల్లోంచి మాటలు అక్కడే పెట్టాం. ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ పీ వ్యాల్యూ (సిగ్నిఫికెంటా కాదా చెప్పే అంకె) ఎక్కడ అని అడిగారు, పిల్లలు గ్రాఫ్ చూపించారు, మార్కులు ఫర్వాలేదు, గొప్పగా ఏం రాలేదు.

ట్రస్ట్‌కి ఇచ్చే రెండు పేజీల తెలుగు సారాంశం దగ్గర మాత్రం గొడవైంది. రాత్రి మొత్తం హాల్‌కి ఒక్క ఆయమ్మే ఉంటున్నారు, టైమ్ జరపడం తాత్కాలికం, రెండో మనిషి కావాలి అనే వాక్యం తీసేయమని మేనేజర్ గారు అడిగారు, ట్రస్ట్ వాళ్లు వేరేగా అనుకుంటారని. ఆయన ఇబ్బంది ఆయనది, జీతాలు ఇచ్చేది ఆయన కాదు. గోడమీది కాగితం చూపించాం. వాక్యం అలాగే ఉంది, దాని కింద ఆయన మాట కూడా ఉంది: ప్రస్తుత విరాళాలతో రెండో ఆయమ్మని పెట్టడం కుదరడం లేదు, వచ్చే మీటింగ్‌లో ప్రస్తావిస్తాం అని. ఆయమ్మలకి చదివి వినిపించాక, వాళ్లు ఒప్పుకున్నాకే ట్రస్ట్‌కి పంపించాం.